చెవి క్యాన్సర్‌కు ఆపరేషన్.. ఆ తర్వాత చెవిని సరిచేయడం ‘కాస్మెటిక్’ అవుతుందా?

చెవి అంచున ఎంతకీ మానని పుండు. బయాప్సీ చేస్తే చర్మ క్యాన్సర్ అని తేలింది. సర్జన్ గడ్డతో పాటు చుట్టూ కొంత భాగం కోసి తీసేశారు. ఆ లోటును ప్లాస్టిక్ సర్జన్ పూడ్చారు. క్లెయిమ్ పెడితే మొదటి ఆపరేషన్‌కు డబ్బులు వచ్చాయి, రెండో దానికి ‘కాస్మెటిక్’ అని కొర్రీ పడింది. మీకో, మీ ఇంట్లో పెద్దవాళ్లకో ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?

ఆరోగ్య బీమా పాలసీల్లో వాడే సాధారణ మినహాయింపులకు ఐఆర్‌డీఏఐ ఒకే రకమైన భాష ఖరారు చేసింది. మీ పాలసీలో ‘ఎక్స్‌క్లూజన్ 08’ వెతకండి. అందం కోసం చేయించుకునే, రూపం మార్చే సర్జరీకి డబ్బులు ఇవ్వరని ఉంటుంది. చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు. కానీ వాక్యం ఇంకా ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు వర్తించదు.

అందుకే కాగితాల్లో ‘క్యాన్సర్’ అన్న మాట ఉండటం ముఖ్యం. కొందరు డాక్టర్లు కేస్ షీట్‌లో ‘రోడెంట్ అల్సర్’ అని రాస్తారు. అది బేసల్ సెల్ కార్సినోమాకు పాత పేరు, అంటే క్యాన్సరే. క్లెయిమ్ చూసే వ్యక్తికి అది మామూలు పుండులా కనిపించొచ్చు. డిశ్చార్జి సమ్మరీలో పాథాలజీ రిపోర్టులోని పేరే రాయమని అడగండి. గడ్డ క్యాన్సర్ కాదని తేలితే దారి వేరు. ఆరోగ్యానికి ఉన్న ముప్పును తప్పించడానికే ఈ సర్జరీ అవసరమైందని డాక్టర్ ధ్రువీకరించాలి.

అసలు చెవిని అలాగే వదిలేస్తే ఏమవుతుంది? చెవి చర్మం చాలా పలుచన. దాని కింద మృదులాస్థి, ఆ మృదులాస్థి మీద రక్తం అందించే సన్నని పొర ఉంటాయి. క్యాన్సర్‌తో పాటు ఆ పొర కూడా పోతే, వేరేచోటి నుంచి తెచ్చి అతికించిన చర్మం అక్కడ నిలవదు. బయటపడిన మృదులాస్థి ఎండిపోయి ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది. అప్పుడు చెవి వెనుక నుంచి రక్తప్రసరణ ఉన్న చర్మాన్ని తిప్పి కప్పాలి. అది గాయానికి చేసే చికిత్సే. ఇక కళ్లజోడు, వినికిడి యంత్రం నిలవాలన్నా చెవి ఆకారం ఉండాలి కదా!

అంచు మాత్రమే పోతే, మిగిలిన అంచునే జరిపి కలుపుతారు. ప్రపంచమంతా దీన్ని ఆంటియా-బుచ్ పద్ధతి అంటుంది. 1967లో దీన్ని ప్రచురించిన నోషిర్ ఆంటియా మన ముంబయి సర్జనే.

ఖర్చు దగ్గర చిక్కొచ్చేది ఎక్కువగా రెండు విడతల్లో చేసేటప్పుడు. అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని పాథాలజీ రిపోర్టు చెప్పేదాకా కొందరు సర్జన్లు ఆగుతారు. చెవి వెనుక చర్మం వాడితే, దాన్ని అక్కడి నుంచి విడదీయడానికి సుమారు మూడు వారాల తర్వాత మరో ఆపరేషన్ అవసరమవుతుంది. ముందస్తు అనుమతి కోసం పంపే అంచనాలోనే అన్ని విడతలూ రాయించండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్తున్నా ఇదే జాగ్రత్త. గడ్డ తొలగింపు, పునర్నిర్మాణం ఏ ప్యాకేజీ కింద పెడుతున్నారో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాద్ ఉస్మానియాలో, విశాఖ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి.

బీమా కంపెనీ కాదంటే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. పాథాలజీ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటోలు, తిరస్కరణ లేఖ జతచేయండి.