తీగ లాగితే కువైట్ కదులుతుంది

సింహాద్రిపురం పద్మనాభం, పులివెందుల తాలూకా బి.ఎన్.రెడ్డి మద్రాసు చేరిన రోజులున్నాయే, అవి కార్డు ముక్కల రోజులు. ఊరు విడిచినవాడు "క్షేమంగా చేరాను" అని రాసి డబ్బాలో పడేస్తే అది నాలుగు రోజులకి చేరినా, వారానికి చేరినా ఇంట్లో కంగారుండేది కాదు. ఇప్పుడలా కాదండోయ్! కొడుకు కువైట్‌లో విమానం దిగిన అరగంటకి ఫోన్ మోగకపోతే ఇక్కడ అమ్మ మజ్జిగ కూడా ముట్టదు.

అందుకని ఈ వారం మన శీర్షికలో హీరో లేడు, హీరోయినూ లేదు. ఉన్నదల్లా రెండు మూరల వైరు!

మొన్నామధ్య ప్రొద్దుటూరులో ఒక సెల్‌ఫోన్ అంగట్లో నిలబడి ఉంటే జమ్మలమడుగు నుంచి తల్లీకొడుకులు వచ్చారు. అబ్బాయికి ఇరవై రెండేళ్లుంటాయి. కువైట్‌కి మొదటి ప్రయాణం. కమ్మలు కుదువ పెట్టి టికెట్ తీశామని ఆ తల్లే చెప్పింది. "సామీ, వీడు ఆడ దిగతానే నాతో మాట్లాడల్ల. మధ్యలో మోసం చేయని వైరు ఇయ్యి" అంది.

అంగడాయన ముందు తీసింది ఎర్రటి నూలు అల్లిక, బంగారు రంగు పిన్ను, పెట్టె మీద "సూపర్ ఫాస్ట్" అని ఇంతింత అక్షరాలు. అబ్బాయి కళ్లు మెరిశాయి. తల్లి మాత్రం, "నువ్వు ఉండబ్బీ! చొక్కా చూసి అల్లుణ్ణి తెచ్చుకుంటామా?" అంది.

వంద మార్కుల మాట! పైన అల్లిక ఉంటే వైరు తొందరగా గీసుకుపోదు, నిజమే. లోపల రాగి ఎంత ఉందో మాత్రం అది చెప్పదు. అసలు కథంతా ఆ రాగిలోనే ఉంది.

పాత టాకీసుల్లో కార్బన్ కడ్డీలు వెలిగించిన ఆపరేటర్ని అడగండి. కరెంటు తగ్గితే తెర మీద ఎంత పెద్ద హీరో ముఖమైనా మసకేసేది. ఫోనూ అంతే. తీగ సన్నదైతే కరెంటు దారిలోనే నీరసపడుతుంది. లెక్క కావాలా? 5 వోల్టుల దగ్గర 3 యాంపియర్లు పారుతున్నప్పుడు వైరు నిరోధం 0.2 ఓములైతే 0.6 వోల్టు దారిలోనే వేడి కింద ఖర్చు. అంటే నూటికి పన్నెండు పాళ్లు గోవిందా! పొడవు పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది. అందుకే ప్రయాణానికి ఒక మీటరు వైరు చాలు.

ఇక కొనేముందు మీ చార్జరు తిప్పి చదవండి. మామూలు టైప్ సి వైరు 3 యాంపియర్ల వరకు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్ల వరకు మోస్తుంది. 25 వాట్ల చార్జరుకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. సామ్‌సంగ్ 45 వాట్ల ఫోన్లలో కొన్నిటికి మాత్రం పూర్తి వేగానికి 5 యాంపియర్ల వైరు కావాలి. దాని పిన్నులో చిన్న చిప్ ఉండి, "నేను ఇంత మోయగలను" అని చార్జరుకి చెబుతుంది. ఒప్పో, వన్‌ప్లస్, రియల్‌మీ వాళ్ల పద్ధతి వేరు. వాళ్ల పూర్తి వేగం కావాలంటే వాళ్ల వైరే వాడాలి. పరాయి వైరు పెడితే చార్జింగ్ అవుతుంది గానీ, ఎక్స్‌ప్రెస్ కాస్తా ప్యాసింజర్ అయిపోతుంది. ఐఫోన్ వారికి ఇంకో మాట: 2023లో వచ్చిన 15 నుంచే టైప్ సి. అంతకు ముందువాటికి లైట్నింగ్ వైరు తప్పదు.

కొన్న వైరుని నేరుగా పెట్టెలో పడేయకండి. సినిమాకి ప్రివ్యూ ఉన్నట్టే దీనికీ వేయాలి. ఒకే చార్జరుతో, కంపెనీ వైరు పెట్టి ఒకరోజు, కొత్త వైరు పెట్టి ఒకరోజు, 20 నుంచి 50 శాతం దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. తేడా బాగా ఉంటే వైరు వాపసు! పిన్ను దగ్గర మెల్లగా కదిపి చూడండి. చార్జింగ్ ఆగి ఆగి వస్తే ఆ వైరు కువైట్ దాకా ఎందుకు, కడప దాకా కూడా పనికిరాదు.

మరో తిరకాసు గోడ దగ్గర ఉంది. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, మనకి 230. అక్కడ పేచీ లేదు. పేచీ అంతా ప్లగ్గుతోనే. మనవి గుండ్రటి పిన్నులు, వాళ్లవి మూడు పలకల పిన్నులు. చార్జరు మీద 100-240 వోల్టులని ఉంటే అడాప్టరు ఒక్కటి చాలు. అది ఇక్కడే కొనుక్కోండి.

పవర్ బ్యాంకుని చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. 20,000 మిల్లీ యాంపియర్ అవర్లది 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లు. 100 లోపు కాబట్టి మామూలుగా అభ్యంతరం ఉండదు. అయితే విమానంలో వాడనిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఎమిరేట్స్ వాళ్లు 2025 అక్టోబరు 1 నుంచి వాడకం నిషేధించారు.

ఇంతకీ ఆ తల్లి ఏం కొన్నదంటారా? ఏ తళుకూ లేని నల్ల వైర్లు రెండు. "ఒకటి సంచిలో, ఒకటి పెట్టెలో. ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది" అంది. పైగా తన నంబరూ, కువైట్‌లో దించుకోబోయే మనిషి నంబరూ కాగితం మీద రాయించి కొడుకు జేబులో పెట్టింది. వైర్ల సంగతి నేను చెప్పగలను గానీ, కాగితం సంగతి నాకంటే ముందు ఆవిడకే తట్టింది!

కాబట్టి గల్ఫ్‌కి గానీ, అమెరికాకి గానీ రెక్కలు కట్టుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! స్నేహితులతో ఒక సినిమాకి పోయి ఇంటర్వెల్లో తినే ఖర్చు ఈ వైర్ల మీద పెట్టండి. దిగగానే ముందు ఇంటికి ఫోన్ చేయండి. సెల్ఫీలు తర్వాత!

వచ్చేవారం మళ్లీ మన సినిమా కబుర్లే.