ఊరికే చూసొద్దామని

ప్రయాణమై గడప దాటుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకూడదంటారు పెద్దలు. అడిగితే పోయిన పని కాదట. ‘దూరమా?’ అనో, ‘శుభమేనా?’ అనో అడగాలి. తిరిగొచ్చాక మాత్రం ఏ అడ్డూ లేదు. ‘ఏం పని మీద పోయిండ్రు?’ అని వాకిట్లోనే నిలబెట్టి ఆరా తీస్తారు. ఈమధ్య గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు కొన్ని ఇళ్లలో ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం కాస్త ఇబ్బందవుతోంది. పోయింది పారిస్, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్. పోయిన పని ఏమీ లేదు. కొడుకో కూతురో జర్మనీలో ఉద్యోగం చేస్తున్నారు. ఎండాకాలం రమ్మన్నారు, నాలుగు ఊళ్లు తిప్పి చూపించారు.

ఊరికే చూసొద్దామని పోయాం అనడానికి పెద్దవాళ్లకు నోరు రాదు. బిడ్డకు ఒంట్లో బాగాలేదనో, మనవడి పుట్టినరోజనో ఏదో ఒకటి కలిపి చెబుతారు. అబద్ధమని కాదు. అంత డబ్బు పెట్టి, అంత దూరం ఉత్త పుణ్యానికి పోయొచ్చామంటే వినేవాళ్లు ఏమనుకుంటారోనని చిన్న బెరుకు.

పాత మహబూబ్‌నగర్ జిల్లా అయిన ఈ పాలమూరులో మనిషికి ఇంతకాలం ప్రయాణమంటే రెండే లెక్కలు. దేవుడి కోసం, లేదా పొట్ట కోసం. బీచుపల్లి, అలంపురం, కురుమూర్తి, శ్రీశైలం మొదటి లెక్క. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి, సోమశిల ఘాట్ల దగ్గర కిక్కిరిసిన జనంలో ఎందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. మనుషులే కాదు, ఇక్కడి బట్ట కూడా దేవుడి పని మీద ప్రయాణం చేస్తుంది. గద్వాల మగ్గం మీద నిష్ఠతో నేసిన జోడు పంచెలు ఏటా బ్రహ్మోత్సవాల వేళకు తిరుమల చేరతాయి.

రెండో లెక్క బొంబాయి, పుణె బస్సులది. మూటాముల్లె సర్దుకుని ఆ బస్సులెక్కినవాళ్లనూ ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు గనక.

పెద్ద కుటుంబంతో ఊళ్లు చూసుకుంటూ పోయిన మనిషి ఒకాయన ఎప్పుడో ఈ నేల మీదుగానే వెళ్లాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని, వందమంది పరివారంతో మద్రాసులో బయల్దేరాడు. శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పాలమూరు గడ్డ మీదుగా హైదరాబాదు చేరాడు. మళ్లీ మద్రాసు ముఖం చూసింది మరుసటి ఏడు సెప్టెంబరులో. ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది, మనుషులు ఎలాంటివాళ్లు అన్నీ రాసిపెట్టాడు. చదువుతుంటే ఆయనకు చూడటమంటేనే సరదా అని తెలిసిపోతుంది. కానీ ఆయన చేతిలో కాశీ అనే గట్టి కారణం ఉంది. ఆ ఒక్క పేరు చెబితే చాలు, మిగతా సరదా అంతా చెల్లిపోయింది.

ఇప్పటివాళ్లకు ఆ సౌకర్యం లేదు. పైగా వీసా కాగితం కూడా వాకిట్లో పొరుగావిడ లాగే అడుగుతుంది. ఐరోపా దేశాలకు పెట్టే షెంగెన్ వీసా దరఖాస్తులో ప్రయాణ కారణం చెప్పమని ఒక వరస గడులుంటాయి. పర్యాటకం ఒక గడి, బంధువులను, స్నేహితులను చూడటం ఇంకో గడి. ఏ గడిలో టిక్కు పెట్టాలని కూతురు ఫోన్లో అడిగితే, వనపర్తి దగ్గరి పల్లెలో ఒక తండ్రి, ‘నిన్ను చూసేదానికే గద బిడ్డా, ఊళ్లు చూసేది మధ్యల వచ్చింది’ అన్నాడట. ఎంతో తూచి చెప్పినట్టుంది ఆ మాట.

బయల్దేరే ముందు సర్దుళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పల్లీల పొడి, కందిపొడి, ఎండిన సజ్జ రొట్టెలు, చింతకాయ తొక్కు. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ ఐరోపావాళ్లు లోపలికి రానివ్వరని పిల్లలు నెత్తీనోరూ కొట్టుకుని చెబితే, కోవాబిళ్లల డబ్బా ఆఖరి నిమిషంలో పెట్టెలోంచి బయటికొస్తుంది. తల్లి ముఖంలో దిగులంతా ఆ డబ్బా గురించే.

అక్కడికి పోయాక కూడా వీళ్లకు ఊరికే చూడటం చేతకాదు. కళ్లకు అలవాటైన పనొకటి ఉంటుంది, అదే వెతుక్కుంటాయి. వెనిస్ పక్కన బురానో అని చిన్న దీవి ఉంది. సూదీదారంతో అల్లే లేసుకు పేరు. గద్వాలలో పుట్టి, మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన ఒకామె అక్కడి దుకాణంలో లేసు ముక్క చేతికిస్తే ముందు వైపు ఒక్క క్షణమే చూసింది. వెంటనే తిరగేసి వెనక వైపు పట్టుకుంది. దారం ఎక్కడ మొదలైంది, ముడి ఎక్కడ దాచారు అని వేలి కొసతో తడుముతూ పోయింది. కొట్లో ముసలావిడ మొదట నొసలు చిట్లించి, తర్వాత అర్థమై దగ్గరికొచ్చింది. అప్పుడు మనామె తన పైటచెంగు తీసి చూపించింది. నూలు ఒంటికి పట్టు అంచు కలిసిన చోటు, ఆ కుట్టు. సూదితో కుట్టింది కాదు, మగ్గం మీదే పోగుకు పోగు కలిపి నేసింది. ఆ ఇద్దరికీ ఒక్క మాటా ఉమ్మడిగా లేదు. పావుగంట గడిచింది. బయట పడవకు వేళవుతోందని కొడుకు పిలుస్తూనే ఉన్నాడు.

పారిస్‌లో ఇంకో చిక్కు. జూన్‌లో అక్కడ రాత్రి పది కావస్తుంటే గానీ పొద్దుగూకదు. నాగర్‌కర్నూలులో ఏనాడూ సందెదీపం తప్పని ఒక టీచరమ్మ, రిటైరై నాలుగేళ్లయింది, హోటలు గది కిటికీ దగ్గర నిలబడి ఇప్పుడు దీపం పెట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోయిందట. గడియారాన్ని నమ్మాలా, ఆకాశాన్ని నమ్మాలా? హోటల్లో అసలు దీపం వెలిగించనిస్తారా అన్నది వేరే ప్రశ్న. చివరికి ఇండియా టైము చూసి, మన ఇంట్లో దీపం వేళకు ఇక్కడ దండం పెట్టుకుంటే సరిపోతుందని ఆమే తీర్పు చెప్పుకుంది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఐఫిల్ టవర్ కింద నిలబడి కళ్లు మూసుకుని చేతులు జోడించింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఇనుప గోపురానికే మొక్కుతోందనుకుని ఉంటారు.

కొలోన్‌లో జరిగింది మాత్రం నవ్వులాటగా చెప్పేది కాదు. అక్కడి పెద్ద చర్చి 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. మధ్యలో దాదాపు 300 ఏళ్లు పని ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద రాళ్లెత్తే కొయ్య యంత్రం అలాగే నిలబడిపోయి, ఊరికి ఆనవాలైపోయింది. ఇప్పటికీ అక్కడ రాతిపనివాళ్లు కొలువులో ఉన్నారు. ఒకవైపు బాగుచేస్తుంటే ఇంకోవైపు అరుగుతుంటుంది. వీసా గడి గురించి తూచి చెప్పిన ఆ తండ్రి వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో, పుణెలో మేస్త్రీ పని చేసినవాడు. అందరూ తలెత్తి గోపురం కొసలు చూస్తుంటే ఆయన గోడ మొదట్లో వంగి, రాయికీ రాయికీ మధ్య సందు ఎంతుందో చూశాడు. తర్వాత అడిగాడు: ‘ఇంతమంది పనోళ్లు గుడిసెలు యాడ ఏసుకున్నరో?’

కూతురు దగ్గర జవాబు లేదు. గైడు పుస్తకంలోనూ లేదు. అక్కడే రైన్ నది గట్టున బల్ల మీద కూర్చుని ఆయన తన గుడిసె సంగతి చెప్పుకొచ్చాడు. రేకుల కింద ఎండ, నీళ్ల ట్యాంకరు కోసం వరస, పండక్కి ఊరికి రాలేక బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన కొత్త గౌను. ఆ గౌను కూతురికి గుర్తుంది. అవ్వ దగ్గర పెరిగిన పిల్ల ఆమె. అది నాయన ఎవరి చేత ఎలా పంపాడో తెలిసింది మాత్రం ముప్పై దాటాక, వేరే దేశంలో.

పాలమూరు ఇళ్లలో ఇలాంటి ఖాళీలు చాలానే ఉంటాయి. అమ్మానాన్నలు పనికి పోతే పిల్లలు అవ్వ కొంగు పట్టుకుని బస్సుల వైపు చూసేవాళ్లు. ఇప్పుడు పిల్లలు విమానమెక్కారు, అమ్మానాన్నలు ఫోన్ వైపు చూస్తున్నారు. ఒకే ఇంటివాళ్లు ఒకే కప్పు కింద వరసగా పది రాత్రులు పడుకున్నది ఎప్పుడో లెక్కేస్తే, కొందరి జవాబు ఆ యూరప్ హోటళ్లే. ఇరుకు గది, మూడు మంచాలు, పొద్దున్నే స్నానాల గది కోసం కొట్లాట. పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయని రోజూ కంగారు. ఒకప్పుడు సంతలో తప్పిపోతావని పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్న తండ్రి, ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్లో ఆ పిల్ల చెయ్యే వదలడు.

ఎవరిది పైచెయ్యో కూడా తారుమారవుతుంది. ఇంట్లో ఎదురు చెప్పనివ్వని పెద్దాయన రైలు ఎక్కడ దిగాలో మనవణ్ని అడుగుతాడు. ఎప్పుడూ వెనక నడిచే ఇల్లాలు యూంగ్‌ఫ్రావ్ మంచుకొండ పక్క కనుమలో, 3,454 మీటర్ల ఎత్తున, చీర మీద స్వెటరు, కాళ్లకు బూట్లు వేసుకుని ముందు నడుస్తుంది. ఆయాసపడుతూ మొగుడు వెనకాల.

తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర కథలు మాత్రం వేరే. అక్కడ చర్చిలకూ మ్యూజియంలకూ గిరాకీ ఉండదు. స్టేషన్లో మూత్రానికి పోతే ఒక యూరో, అంటే మన లెక్కన సుమారు వంద రూపాయలు తీసుకున్నారని చెప్పండి, ఊరంతా చుట్టూ చేరుతుంది. వంద రూపాయలా! ఎన్నిసార్లు పోయినావన్నా? ఆపుకోలేకపోయినావా? అరగంట దాకా అదే ముచ్చట.

నాగర్‌కర్నూలు టీచరమ్మ ఇంట్లో ఇప్పుడు ఇంకో ఏర్పాటు నడుస్తోంది. మంచుకొండ చూపించిన కొడుక్కి ఆమె నల్లమలలో సలేశ్వరం చూపిస్తానంది. చైత్ర పౌర్ణమికి జాతర. లోయలోకి దిగాలి, రాళ్ల దారి, కింద జలపాతం, లింగమయ్య. ఆ అడవికి దగ్గర్లో పుట్టి పెరిగి కొడుకు ఒక్కసారీ పోలేదు. సెలవు దొరుకుతుందో లేదో, ఎందుకని ఆఫీసులో అడుగుతారు అన్నాడట. ‘మీ అమ్మను చూసేదానికని రాయి’ అందామె. ఈ ఏటి పంచాంగం తెరిచి, పౌర్ణమి తేదీ ఫొటో తీసి పంపింది. విమానం టికెట్ ఇంకా తీసుకోలేదు.