సార్క్ సంగతి కూలోళ్లకెందుకు?

ఈ మధ్య పీలేరు దిక్కు ఒక పల్లెలో కూలీల సమావేశంలో మేము సార్క్ మాట ఎత్తాం. ఒకామె లేచి, "ఆ దేశాల గోల మనకేందన్నా, కూలిరేటు సంగతి చెప్పు" అన్నది. ఆమె అక్క కువైట్‌లో ఇంటిపనికి పోయి నాలుగేళ్లయింది. కూలిరేటు సంగతి చెప్పడానికే సార్క్ పేరు ఎత్తినాం తల్లీ అన్నాం.

సార్క్ అంటే దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం. పొరుగు దేశాలన్నీ ఒక సంఘంగా కూడాలని 1980లో ప్రతిపాదించినవాడు బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహమాన్. అది రూపం దాల్చకముందే 1981లో ఆయన హత్యకు గురయ్యాడు. 1985 డిసెంబరు 8న ఢాకాలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు సంతకాలు చేశాయి. 2007లో అఫ్ఘానిస్తాన్ చేరింది. 1987 నుంచి ఆఫీసు ఖాట్మండులో ఉంది. దాని నిబంధనల్లో రెండు ముఖ్యం. ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. రెండు దేశాల మధ్య తగాదాలు అక్కడ ఎత్తకూడదు. రచ్చబండ మీద పంచాయితీకి కూచొని గట్టు తగాదా ఊసెత్తొద్దన్నట్టుంది!

ఆకలి మీద ఏమైనా చేశారా? చేశామనే చెబుతారు. 1987లోనే ఆహార భద్రతా నిల్వ ఒప్పందం రాసుకున్నారు. రెండు లక్షల టన్నులకు పైగా ధాన్యం. అయితే ఉమ్మడి గోదాము అంటూ ఒకటి లేదు. ఎవరి వాటా వారి గోదాములోనే, కాగితం మీద మాత్రమే సార్క్ పేరు. ఆ నిల్వ నుంచి ఏ కరువుకూ ఒక్క గింజ కూడా కదల్లేదు. ఇది పని చేయలేదని తేలాక 2007లో ఆహార బ్యాంకు అని ఇంకో ఒప్పందం రాశారు.

పాలకులు తలుచుకుంటే పనులు ఆగవు. సార్క్ దేశాలకు ఒక ఉపగ్రహం తయారు చేయండని 2014 జూన్‌లో ప్రధాని మోడీ శ్రీహరికోటలో చెప్పారు. పాకిస్తాన్ తప్పుకున్నా, పేరును దక్షిణాసియా ఉపగ్రహంగా మార్చి 2017 మే 5న అక్కడి నుంచే ఎగరేశారు. ఆ శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే. మూడేళ్లలో ఉపగ్రహం ఆకాశానికి పోయింది. మరి కూలీల మాట?

అది కూడా కాగితం మీద ఉంది. 2014 నవంబరులో ఖాట్మండు శిఖరాగ్ర సభ ప్రకటనలో, పరాయి దేశాలకు పోయే కార్మికుల విషయంలో సహకరించుకుంటామని ఎనిమిది ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. మన పల్లెల నుంచి పోయే ఆడవాళ్లు, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆడవాళ్లు కువైట్‌లో ఒకే రకం ఇళ్లలో అదే గిన్నెలు తోముతున్నారు. వాళ్ల జీతం బేరమాడేటప్పుడు మాత్రం ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వమే. ఒకరు గట్టిగా అడిగితే, ఇంకో దేశం కూలీ తక్కువకు వస్తుందని యజమాని బెదిరిస్తాడు. మన ఊళ్లో కోతల కాలంలో మేస్త్రీ ఆడే ఆటే ఇది. పక్క ఊరోళ్లు తక్కువకే వస్తారంటాడు గదా!

ఇది ఉట్టి మాట కాదు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే మన కార్మికుల కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. పొరుగు దేశాల కార్మికుల పోటీకి మన వాళ్ల ఉద్యోగాలు పోతాయని చెప్పింది. గల్ఫ్ కార్మిక సంఘాలు ఆందోళన చేశాయి, తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021 జూలైలో పాత రేట్లు తిరిగొచ్చాయి. ఎనిమిది దేశాలూ ఒకే కనీస రేటు మీద నిలబడి ఉంటే ఈ తగ్గింపుకు సాకే ఉండేది కాదు.

ఖాట్మండు తర్వాత శిఖరాగ్ర సభే లేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉరి దాడి తర్వాత ఆగిపోయింది. మన ప్రభుత్వం రానంది, ఇంకొన్ని దేశాలూ మానుకున్నాయి. ఉరిలో చనిపోయిన జవాన్లు పేదింటి బిడ్డలే, ఆ కోపం మాకూ ఉంది. కానీ ప్రధానులు కలవకపోతే కార్మిక శాఖల అధికారులు కూడా కూచోకూడదా? కువైట్‌కు ఇంటిపని రేటు ఒక్కటిగా అడగడానికి సరిహద్దు తగాదా తీరాల్సిన పని లేదు.

వచ్చే నెల మండల సమావేశాల్లో కూలిరేటు తీర్మానం కింద ఈ కోరిక కూడా రాయండి. గల్ఫ్‌కు పోయినోళ్ల ఇళ్లకు పోయి, అక్కడ ఎంత ఒప్పుకొని పోయినారో, ఎంత ఇస్తా ఉన్నారో కనుక్కొని రాసుకు రండి.