కుర్రాళ్లను తిట్టకండి, విజిల్‌ను అడగండి

పోస్టు కొంచెం పొడుగు. ఓపికతో చదవండి, కాదనుకుంటే కింద నిలదీయండి.

కబడ్డీ పోటీ ఎక్కడ జరిగినా గట్టు మీద ఒకే మాట వింటున్నాం. "ఈ కాలేజీ కుర్రాళ్లకు ఆట రాదు. కూతకెళ్లి ఊరికే తిరిగొస్తారు. పట్టేవాళ్లు మూల నుంచి కదలరు. మా రోజుల్లో అయితేనా..." ఈ మాట తప్పు అంటున్నాం మేము. ఆట తీరు కుర్రాళ్లు మార్చలేదు. దేనికి పాయింటు ఇస్తారో, దేనికి విజిల్ ఊదుతారో, ఆట అటే పోతుంది.

మేము తమిళ బడిలో చదువుకున్నాం. ఈ ఆటను బడిలో సడుగుడు అనేవాళ్లం, ఇంట్లో చెడుగుడు. అప్పుడు దమ్మే గడియారం. కూత ఆగితే ఔట్. అందుకే దమ్మున్నవాడే మొనగాడు. ఇప్పుడు రైడ్‌కు 30 సెకన్లు. 2014లో ప్రొ కబడ్డీ టీవీలోకి వచ్చాక డూ ఆర్ డై రైడ్ ఊరూరా తెలిసింది. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే, మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకుంటే రైడరే ఔట్. కోర్టులో ముగ్గురో, ఇంకా తక్కువమందో మిగిలి రైడర్‌ను పట్టేస్తే సూపర్ టాకిల్, ఒకటికి రెండు పాయింట్లు.

దీంతో ఏమైంది? మొదటి రెండు రైడ్లలో కుర్రాడు ఖాళీగా రావడం సోమరితనం కాదు, లెక్క. అవతలివాళ్లు తొందరపడి మీదికి రారు, మూడో రైడ్ కోసం కాచుకుంటారు. ముగ్గురే మిగిలిన జట్టు రెండు పాయింట్ల ఆశతో తెగించి పడుతుంది. రూలు రాసినవాణ్ణి వదిలి ఆడేవాణ్ణి తిట్టడం ఏం న్యాయం?

బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే కథ. అమెరికా కాలేజీల్లో 1967లో డంక్‌ను, అంటే బంతిని పైనుంచి బుట్టలోకి దించడాన్ని నిషేధించారు. అప్పుడు యూసీఎల్ఏకు ఆడుతున్న ఏడడుగుల ల్యూ ఆల్సిండర్, తలమీదుగా ఒంటిచేత్తో వేసే హుక్ షాట్‌కు పదును పెట్టాడు. తరవాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా లోకానికి తెలిసింది ఆయనే. 1976లో నిషేధం ఎత్తేశారు, కానీ ఆ హుక్ షాటే ఆయన గుర్తుగా నిలిచింది.

ఇంకొకటి. అక్కడే 2013-14 సీజన్లో, బంతితో వెళ్లేవాణ్ణి చేత్తో అడ్డుకుంటే ఫౌల్ ఊదాల్సిందేనని రిఫరీలకు గట్టిగా చెప్పారు. స్కోర్లు పెరిగాయి. మరుసటి ఏడాది విజిళ్లు సడలాయి, స్కోర్లు మళ్లీ పడిపోయాయి. ఒక్క ఏడాదిలో దేశంలోని ఆటగాళ్లంతా ఆట మరిచిపోయారా?

"అయితే కొత్త రూళ్లు తీసేద్దాం, పాత మట్టి ఆటే ఆడదాం" అనేవాళ్లున్నారు. వాళ్లతోనూ మేము ఏకీభవించం. 1982లో నార్త్ కరోలినా, వర్జీనియా కాలేజీ జట్ల టోర్నీ ఫైనల్ 47-45తో ముగిసింది. ముందున్న జట్టు చాలాసేపు బంతి పట్టుకుని కాలం గడిపింది, జనం విసిగిపోయారు. అందుకే 1985-86 నుంచి 45 సెకన్లలో షాట్ వేయాలని రూలు తెచ్చారు. కబడ్డీకీ అదే జబ్బు ఉండేది. ముందున్న జట్టు ఖాళీ రైడ్లతో టైం లాగేసేది. మందు అవసరమే.

మా పేచీ మార్పుతో కాదు, ఒకే కోర్టులో రెండు రూళ్లతో. 2023 అక్టోబర్ 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుందా? భారత్, ఇరాన్ 28-28. పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగు పెట్టాడు, ఇరాన్ డిఫెండర్లూ వెంటపడి లాబీలోకి వెళ్లారు. పాత రూలు ప్రకారం వాళ్లూ ఔట్. కొత్త రూలు ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్. రిఫరీలు ఒకసారి అటు, ఒకసారి ఇటు చెప్పారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి మనం 33-29తో గెలిచాం, సంతోషమే. కానీ ఆసియా ఫైనల్‌లోనే ఈ గందరగోళమైతే, మన ఊళ్ల సంగతి ఏమిటి?

మన దగ్గర పొద్దున మ్యాచ్‌లో లాబీ ఒక రకం, సాయంత్రం ఇంకో రకం. ఒక రిఫరీ 30 సెకన్లు చూస్తాడు, ఇంకొకడు కూత వింటాడు. ఇది తమాషా కాదు. బీద ఇంటి పిల్లవాడికి స్పోర్ట్స్ కోటా ఒక ఉద్యోగపు దారి. రైల్వేలో ఆ దారిన వచ్చినవాళ్లతో కలిసి మేము పనిచేశాం. ఇక్కడ ఒక రూలుకు అలవాటైన పిల్లవాడు యూనివర్సిటీ సెలక్షన్లో ఇంకో రూలుకు ఔటైపోతే, ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

రైల్వేలో టైంటేబుల్ మారితే ముందే ప్రకటిస్తారు. బండి వెళ్లిపోయాక కొత్త టైం చెప్పరు. ఆటకూ అదే పద్ధతి కావాలి. పోటీకి వారం ముందే ఏ రూళ్లో తెలుగులో, కన్నడంలో ఒక కాగితం మీద అచ్చేసి ప్రతి జట్టుకూ ఇవ్వాలి. టాస్‌కు ముందు రిఫరీలందరూ లాబీ, బోనస్, మూడో రైడ్ గురించి ఒక మాట మీదికి రావాలి. పోటీ మధ్యలో ఎంతటి పెద్దమనిషి చెప్పినా మార్చకూడదు.

దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, అచ్చు ఖర్చు సంఘం పెట్టుకోవచ్చు. వచ్చే సమావేశంలో ఈ విషయం అడుగుతాం. మీరూ వచ్చి అడగండి. అంతవరకూ గట్టు మీద కూర్చుని కుర్రాళ్లను తిట్టడం మాత్రం ఆపుదాం.