రంపానికి కత్తేదీ?

పాత సైకిలు కొనేవాడు ముందు బెల్లు కొట్టి చూస్తాడు. పాత ఫ్రిజ్ కొనేవాడు తలుపు తీసి వాసన చూస్తాడు. మరి పాత కోత మిషను కొనేవాడు ముందు ఏం చూడాలి? మొన్నటిదాకా నన్నడిగి ఉంటే 'మోటారు' అని ఠక్కున చెప్పేవాణ్ణి.

రిటైరయ్యాక ఏం చేస్తారు మేష్టారూ అని అడిగినవాళ్లందరికీ 'వడ్రంగం' అని చెప్పి నవ్వించిన పాపానికి, నిజంగానే పెరట్లో రేకుల షెడ్డు వేశాను. ఒక చేతిరంపం, ఒక చిత్రిక, నాలుగు ఉలులు. రెండు స్టూళ్లూ ఒక పీటా అయ్యేసరికి భుజం మొరాయించింది. అంతలో తెలిసినాయన కబురు చెప్పాడు. తెనాలిలో ఒక తలుపుల షాపు మూసేస్తున్నారట. రెడీమేడ్ తలుపులూ ప్లాస్టిక్ కిటికీలూ వచ్చాక పని పడిపోయిందట. కోత మిషను అమ్మకానికి పెట్టారు, పోయి చూడమన్నాడు.

ఒక్కణ్ణే వెళ్లే ధైర్యం లేక, మా వీధి చివర ఉండే మేస్త్రి గారిని వెంటబెట్టుకుని బాపట్లలో రైలెక్కాను. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. మా ఇంటి ద్వారబంధాలు ఆయన చేతివే. ఆ కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ రెండో కణుపు దగ్గరే ఆగిపోయి ఉంటాయి. ముప్ఫయ్యేళ్ల పరిచయంలో ఎలా పోయాయని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మిషను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన ఊళ్ల షాపుల్లో మామూలుగా కనిపించేది యాంగిల్ స్టాండు మీద బల్ల బిగించి, కింద మోటారు వేలాడదీసిన మిషను. ఇది ఆ జాతి కాదు. బీరువాలా మూసిన ఇనుప పెట్టె, పైన పోత ఇనుప బల్ల, లోపల మూడు బెల్టులతో నడిచే మూడు హార్స్ పవర్ మోటారు. ముందున్న చక్రం తిప్పితే పదంగుళాల రంపం పైకీ కిందికీ కదులుతుంది. పక్క చక్రం తిప్పితే రంపం ఏటవాలుగా వంగుతుంది. బల్ల మాత్రం చదునుగానే ఉంటుంది. దీన్నే క్యాబినెట్ సా అంటారు. అమెరికాలో డెల్టా కంపెనీ 1939లో 'యూనిసా' పేరుతో ఇలాంటిది తెచ్చింది. దాని పోలికలు ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మనం చూసిందీ ఆ వంశమే, కాకపోతే మన దేశంలో పోత పోసింది.

షాపాయన కొడుకు స్విచ్చి వేశాడు. మోటారు తుమ్మెదలా ఝుమ్మంది. నేను తలాడిస్తున్నాను. మేస్త్రి గారు మోటారు వంక చూడనేలేదు. రంపం ఆగేదాకా చేతులు వెనక్కి కట్టుకు నిలబడి, ప్లగ్గు పీకించి, గొంతుకూర్చుని బల్ల కింద తడిమారు. లేచి అడిగారు.

"కత్తేది బాబూ?"

"ఏ కత్తండీ?"

"రంపం వెనకమాల నిలబడే కత్తి."

"అదాండీ! కొన్న కొత్తలోనే మా నాన్నగారు పీకేశారంట. అడ్డమొస్తందని. ఎక్కడో పడుండాలి."

ఎక్కడా పడిలేదు. పై మూత కూడా లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పాత రంపాల్లో ఇది రివాజేనట. ముఖ్యమైన ముక్క మాయమయ్యాకే మిషను మన చేతికొస్తుంది.

ఆ కత్తి సంగతి కొంచెం చెప్పాలి. పేరుకే కత్తి, పదునుండదు. రంపానికి సరిగ్గా వెనకాల, రంపం వంపులోనే వంపు తిరిగి నిలబడే ఇనుప రేకు. గుండ్రటి రంపం తిరిగేటప్పుడు మనవైపు పళ్లు చెక్కని బల్లకేసి నొక్కుతాయి. అవతలివైపు పళ్లు కింద నుంచి పైకి లేస్తాయి. ప్రమాదమంతా ఆ లేచే పళ్ల దగ్గరే. నిలువుగా కోసినప్పుడు కొన్ని చెక్కలు, అందులోనూ సరిగ్గా ఆరనివి, కోసిన గాడిని మళ్లీ మూసేస్తాయి. గాడి మూసుకుంటే చెక్క వెనక పళ్లని పట్టుకుంటుంది. పళ్లు దాన్ని ఎత్తి మన పొట్టకేసి విసురుతాయి. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే పదంగుళాల రంపంలో పంటి వేగం లెక్కకడితే గంటకి 190 కిలోమీటర్లు వచ్చింది. చెక్క ఎగిరిపోతే దాన్ని నెడుతున్న చెయ్యి ఆ ఊపుకి ఎక్కడికి జారుతుందో వేరే చెప్పక్కర్లేదు. కత్తి చేసే పనల్లా గాడి మూసుకోకుండా మధ్యలో నిలబడటమే.

ఇదేం కొత్త తెలివి కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు రాసుకున్న నియమాల్లో చెక్క మిషన్లకి విడిగా పాఠమే ఉండేది. గుండ్రంపం వెనక కత్తి ఉండాలి, బల్ల మట్టంలో పళ్లకీ కత్తికీ మధ్య ఎడం 10 మిల్లీమీటర్లు దాటకూడదు, తోయడానికి కర్ర ఇవ్వాలి అని రాశారు. అయితే కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టానికి అది ఫ్యాక్టరీ. మన తలుపుల షాపులో ఉండేది ముగ్గురో నలుగురో. రూలు ఆ గడప దాకా రాలేదు.

స్టేషన్ బయట టీ తాగుతుంటే మేస్త్రి గారు తనంతట తనే చెప్పారు. 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి ఇరవయ్యేళ్లు, ఒక షాపులో కుర్ర పనివాడు. "ఊళ్లకి ఊళ్లు తలుపుల్లేకుండా పోయినయ్ మేష్టారూ. రేయింబవళ్లు కోతే. కలప ఎక్కడిది? పడిపోయిన చెట్లే. పచ్చి తుమ్మ. ఆరబెట్టే టైమేదీ? ఎవరింటికో గుమ్మం కోస్తన్నా. చెక్క బిగిసింది. అంతే, నాకు శబ్దం ఒక్కటే గుర్తు." కాసేపాగి, "ఆ మిషనుకీ కత్తి లేదు. అడ్డమొస్తందని పీకారంట" అన్నారు.

టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని ఉన్నారు. నేనేమీ మాట్లాడలేకపోయాను.

అమెరికాలో ఇప్పుడు వేలు తగిలితే ఆగిపోయే రంపాలున్నాయి. స్టీవ్ గ్యాస్ అనే ఫిజిక్స్ చదివిన లాయరు 1999లో ఆలోచన చేశాడు. 2004 నుంచి 'సాస్టాప్' పేరుతో అమ్ముతున్నారు. రంపంలో సన్నటి కరెంటు సంకేతం ఉంటుంది. ఒంటి చర్మం తగలగానే అది మారుతుంది. అల్యూమినియం దిమ్మె ఒకటి పళ్లలోకి దూసుకుపోయి, సెకనులో కొన్ని వేల వంతుల్లోనే ఆపేస్తుంది. బాగానే ఉంది. కానీ తెనాలిలో సెకండ్ హ్యాండ్‌లో దొరికేది అది కాదుగదా.

ఏమాటకామాటే, కత్తి లేదని మేస్త్రి గారు బేరం వద్దనలేదు. మిగతావన్నీ వరసగా చూశారు. బెల్టులు తీసి షాఫ్టుని చేత్తో తిప్పితే గరగర లేదు, అంటే బేరింగులు బతికే ఉన్నాయి. షాఫ్టుని అటూఇటూ గుంజితే ఆడలేదు. బల్ల మీద ఇనుప స్కేలు అంచున నిలబెట్టి, కింద వెలుతురు కనబడుతుందేమోనని మూలమూలకీ చూశారు. రెండు చక్రాలూ మొదటినుంచి చివరిదాకా తిప్పారు. పొట్టు పేరుకుని ఒకటి బిగిసింది, అది కడిగితే పోయే జబ్బే. పోత ఇనుములో పగులుంటే మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దన్నారు. పగులు లేదు. నలభై రెండు వేలకి తెగింది.

బల్ల రెక్కలు విప్పి, పొన్నూరు మీదుగా ట్రాలీ ఆటోలో దాన్ని బాపట్ల చేర్చడం ఒక రోజు పని. దింపడానికి నలుగురు మనుషులు, నాలుగు పైపు ముక్కలు. ఇక ఇంటి కరెంటు ఒకటే ఫేజు, మోటారుకి కావాల్సింది మూడు. ఎలక్ట్రీషియన్ వీఎఫ్‌డీ అనే డబ్బా బిగించి, మోటారు లోపలి తీగలని స్టార్ నుంచి డెల్టాకి మార్చాడు. ఆరు తీగలూ బయటికొచ్చి ఉన్న మోటారు కాబట్టి కుదిరింది. డబ్బా పధ్నాలుగు వేలు. మొదట రంపం వెనక్కి తిరిగింది. మోటారుకెళ్లే మూడు తీగల్లో రెండిటిని అటుదిటు మారిస్తే సరిపోయింది. అందుకే రంపం బిగించకముందే ఒట్టి షాఫ్టుని తిప్పి చూడాలట.

అసలు ఓపిక కావాల్సింది రంపాన్ని బల్లకి సూటి చెయ్యడంలో. బల్ల మీద పొడవునా ఉన్న గాడికి రంపం సమాంతరంగా ఉండాలి. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, అది ముందున్నప్పుడు గాడి నుంచి దూరం కొలిచాం. అదే పంటిని వెనక్కి తిప్పి మళ్లీ కొలిచాం. లేతు షాపులో అరువు తెచ్చిన డయల్ గేజి అర మిల్లీమీటరు తేడా చూపించింది. కోసేటప్పుడు చెక్క వెనక పళ్లకి ఒరుసుకోవడానికి అది చాలు. ఈ రకం మిషనులో రంపాన్ని కదిలించక్కర్లేదు. బల్లని పట్టే నాలుగు బోల్టుల్లో మూడు వదులు చేసి, చెక్కసుత్తితో బల్లనే మెల్లగా తట్టాలి. తట్టడం, కొలవడం. బోల్టు బిగిస్తే మళ్లీ జరగడం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళకి తేడా మిల్లీమీటరులో పదో వంతుకి దిగింది. తర్వాత గైడు పట్టీని అదే గాడికి సరిచేశాం.

సూర్యలంక సముద్రం మాకు తొమ్మిది కిలోమీటర్లు. ఆ ఉప్పుగాలికి పోత ఇనుము రెండు రోజుల్లో ఎర్రబడింది. కిరోసిన్, సన్న ఎమరీ కాగితంతో రుద్ది మైనం పట్టించాను. నూనె రాస్తే చెక్కకి మరకవుతుంది.

కత్తి మాత్రం చేయించాల్సి వచ్చింది. మందం రంపపు రేకు కంటే ఎక్కువ, పళ్లు కోసే గాడి కంటే తక్కువ ఉండాలి. మాది 2.2, 3.2 మిల్లీమీటర్లు, మధ్యలో రెండున్నర పెట్టించాం. రంపం లేచినా దిగినా వంగినా కత్తి కూడా కదలాలంటే దాన్ని బల్లకి కాదు, షాఫ్టుని మోసే ఇనుపముక్కకే బిగించాలి. లేతాయన రెండుసార్లు చేసి పారేశాడు, మూడోది కుదిరింది. పద్దెనిమిది వందలు.

మొదటి కోతకి మేస్త్రి గారు వేపచెక్కతో చేసిన తోపుడు కర్ర తెచ్చారు. గ్లవ్స్ తీయించారు. రంపానికి ఎదురుగా కాకుండా ఎడమపక్కకి జరిగి నిలబడమన్నారు. అడితి నుంచి తెచ్చిన తుమ్మ పలక, ఆరిందే అని చెప్పి ఇచ్చాడు. రెండడుగులు వెన్నలా కోసుకుపోయింది. తర్వాత ఒక్కసారిగా బరువెక్కి ఆగింది.

"నెట్టబాకండి. ఆపండి."

ఆపాను. రంపం నిలిచాక చూస్తే కోసిన గాడి మూసుకుపోయి, పలక కత్తిని గట్టిగా కరుచుకుని ఉంది. మేస్త్రి గారు గాడిలో చిన్న మేకు చెక్క దిగ్గొట్టి పలకని వెనక్కి లాగారు. ఆ సగం వేళ్లతోనే కత్తిని రెండు పక్కలా తడిమారు.

"వేడెక్కింది చూడండి" అన్నారు.

ఆ పలకని షెడ్డు గోడకి చేరేశాం, వచ్చే వేసవి దాకా.