టిఫనీ దీపం ఎవరిది?

1997లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వారి వేలంలో ఒక టేబుల్ ల్యాంపు 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. గులాబి తామరల దీపం అది. ఆ డబ్బు దీపానికి ఎంతో, దాని మీద ఉన్న టిఫనీ అనే పేరుకీ అంతే. టిఫనీ స్టూడియోస్ దీపాల షేడు అంచున సంస్థ పేరు ముద్రించి ఉంటుంది. ఆ షేడులోని గాజుముక్కలను రంగు చూసి ఏరినవాళ్ళ పేరు, కోసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. లూయీ కంఫర్ట్ టిఫనీ 1933లో చనిపోయాడు. ఆ తర్వాత 70 ఏళ్ళకు పైగా ఈ దీపాల గురించి చెప్పినవాళ్ళంతా ఒక మహానుభావుడి సౌందర్యదృష్టి గురించే చెప్పారు. ఆ కథ అబద్ధమని ఇప్పుడు రుజువులతో సహా తేలింది. అయినా చలామణీ ఆగలేదు. నా కోపం ఆ చలామణీ మీద.

ముందు వస్తువు సంగతి. 1879లో ఎడిసన్ బల్బు, 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో విద్యుత్ కేంద్రం వచ్చినా, ఇళ్ళల్లో కరెంటు దీపం చాలాకాలం పైకప్పుకీ గోడకీ అంటుకునే ఉంది. ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకోగలిగే దీపాన్ని అక్కడి వ్యాపారులు 'పోర్టబుల్' అనేవారు. పేరుకే పోర్టబుల్. గోడల్లో ప్లగ్ పాయింట్లు లేని ఇళ్ళల్లో పైనున్న బల్బు హోల్డరులోంచి తీగ లాగి బల్ల మీది దీపానికి కలిపేవారు. తీగ ఎంత పొడవుంటే దీపం అంత దూరమే కదిలేది. టిఫనీ స్టూడియోస్ తొలి దీపాలు చాలావరకు కిరసనాయిలువే. అడుగున నూనె డబ్బా పట్టాలి కనుక దీపం దిమ్మె లావుగా ఉండక తప్పదు. పైన చిమ్నీ వేడికి దారి వదలాలి. కరెంటు వచ్చాక ఈ రెండు నిర్బంధాలూ పోయాయి. దిమ్మె చెట్టు మొదలులా సన్నబడింది, బల్బు కిందికి చూసింది, షేడు పూలగుత్తిలా అడుగుదాకా వేలాడింది. విస్టీరియా దీపం అలా వచ్చిందే. ఒక్క షేడులో దాదాపు 2,000 గాజుముక్కలు.

ఆ 2,000 ముక్కలు ఎవరి చేతుల మీదుగా వెళ్ళాయి? రంగుల్లో వేసిన చిత్రాన్ని బట్టి మూస తయారవుతుంది. ఒక్కో ముక్కకు ఒక్కో కొలత రేకు కోస్తారు. తర్వాత అసలు పని. గాజు పలకల్లో ఏ పలకలో ఏ మూల ఉన్న నీలం ఈ రేకకు సరిపోతుందో, ఎక్కడి మచ్చ ఆకు ఈనెలా కనిపిస్తుందో వెలుతురుకు ఎత్తి చూసి తేల్చాలి. కొయ్యాలి. ప్రతి ముక్క అంచుకీ సన్నటి రాగిరేకు చుట్టాలి. ఇదంతా స్త్రీల విభాగం చేసేది. ఆ తర్వాత టంకం వెయ్యడానికి మగవాళ్ళ దగ్గరికి వెళ్ళేది. ఒకే నమూనాతో చేసిన రెండు దీపాలు ఒకేలా ఉండకపోవడానికి కారణం ఈ ఏరిక. ఇవాళ వేలంలో ధర పలికించే తేడా కూడా ఇదే.

ఆ విభాగాన్ని నడిపినామె క్లారా డ్రిస్కల్. 1861లో ఒహాయోలోని టాల్‌మడ్జ్‌లో పుట్టింది. తూనీగల దీపం, విస్టీరియా దీపం ఆమె రూపొందించినవి. తూనీగల దీపానికి 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1904లో న్యూయార్క్ డైలీ న్యూస్, ఏడాదికి 10,000 డాలర్లు, ఆపైన సంపాదించే స్త్రీల గురించి వేసిన కథనంలో ఆమెను ప్రస్తావించింది. అంటే ఆమె ఆనాటివాళ్ళకు తెలియని మనిషి కాదు. తెలిసిన పేరును తర్వాతివాళ్ళు పోగొట్టారు. 'కాలగర్భంలో కలిసిపోయింది' అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! కాలానికి చేతులు లేవు. కేటలాగు రాసేవాళ్ళకు, మ్యూజియం చీటీ అంటించేవాళ్ళకు, పాఠం చెప్పేవాళ్ళకు ఉన్నాయి.

పెళ్ళైన స్త్రీకి ఆ సంస్థలో ఉద్యోగం లేదు. క్లారా 1889లో పెళ్ళి చేసుకుని మానేసింది. 1892లో భర్త పోయాక తిరిగొచ్చింది. మరో పెళ్ళి నిశ్చయమై మళ్ళీ వదిలేసింది, ఆ పెళ్ళి జరగక మళ్ళీ వచ్చింది. 1909లో పెళ్ళి చేసుకుని శాశ్వతంగా వెళ్ళిపోయింది. ఆమె కళాజీవితపు విరామాలను నిర్ణయించింది సృజన కాదు, మంగళసూత్రం లాంటిదే అక్కడి ఉంగరం. టిఫనీకి ఎంత పెళ్ళైనా, ఎంతమంది పిల్లలున్నా స్టూడియో తలుపు మూసుకోలేదు. 'ఆడవాళ్ళలో గొప్ప డిజైనర్లు ఎందుకు లేరు' అని అడిగేవాళ్ళు ముందు ఈ నిబంధన చదవాలి.

టిఫనీని స్త్రీజన పక్షపాతిగా నిలబెట్టేవాళ్ళూ ఉన్నారు. అంతమంది ఆడవాళ్ళకు పనిచ్చాడు కదా అంటారు. స్త్రీల గాజు కోత విభాగం 1892లో ఎందుకు పుట్టింది? గాజుపని చేసే మగవాళ్ళు సమ్మె చేశారు, 1893 చికాగో ప్రదర్శన ముంచుకొస్తోంది. యజమానికి చేతులు కావాల్సి వచ్చాయి. ఇది ఆదరణ అయితే, కోతల కాలంలో కూలికి పిలవడం కూడా ఆదరణే.

ఇక్కడ మన వామపక్ష మిత్రులకూ ఒక మాట. 1903లో అందరూ మగవాళ్ళే ఉన్న గాజు పనివాళ్ళ యూనియన్ ఈ స్త్రీల విభాగం మీద సమ్మె బెదిరింపుతో వచ్చింది. యూనియన్‌లో చేరే హక్కు స్త్రీలకు లేదు. యూనియన్‌లో లేరు గనక పనిలో ఉండకూడదన్నారు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, విభాగం ఉంటుంది, 27 మందికి మించకూడదు. యజమానికీ మగ కార్మికుడికీ మధ్య ఒప్పందం. ఎవరి సంఖ్యకు హద్దు గీశారో వాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు. వర్గమే సర్వస్వమని, జెండర్ గురించి తర్వాత మాట్లాడుకుందామని మనకు ఎన్నిసార్లు చెప్పలేదు? ఆ 'తర్వాత' ఎలా ఉంటుందో ఈ 27 అనే అంకె చెబుతుంది.

ఇంకో సూక్ష్మమైన మోసం ఉంది. స్త్రీలకు రంగులు గుర్తుపట్టే గుణం సహజంగా ఎక్కువని, వేళ్ళు చురుకని టిఫనీ నమ్మాడు. పొగడ్తలాగే ఉంది. కానీ సహజమైనదాన్ని నేర్చుకోనక్కర్లేదు, నేర్చుకోనిదాన్ని నైపుణ్యమనక్కర్లేదు, నైపుణ్యం కానిదాని కింద సంతకం పెట్టనక్కర్లేదు. ఈ తర్కం మనకు కొత్తది కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం గుర్తుచేసుకోండి. ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా కుట్టే స్త్రీలను గృహిణులుగా, వాళ్ళ శ్రమను తీరికవేళ కాలక్షేపంగా లెక్కేసి, ఎగుమతి వ్యాపారాన్ని మగవాళ్ళ పేరున ఎలా నడిపారో ఆమె చూపించింది. న్యూయార్క్‌లో జీతమిచ్చే స్టూడియో, నరసాపురంలో ఇంటి అరుగు. రెండు పరిస్థితులూ ఒకటి కావు. రెండుచోట్లా పనిని 'ఆడతనం' అని పిలిచి, పనితనాన్ని మాయం చేశారు.

ఒక సెమినార్‌లో ఈ సంగతులు చెబితే ఒక పెద్దమనిషి లేచి, 'ఆలోచన టిఫనీది, అమలు చేసింది వాళ్ళు. మేస్త్రీ పేరు మీద భవనం ఉండదు కదమ్మా' అన్నారు. 'కదమ్మా' అన్న ఆ దయ నాకు బాగా పరిచయం. జవాబు చెప్పాలి. క్లారా డ్రిస్కల్ మేస్త్రీ కాదు. ఏ పువ్వు, ఏ రూపం, ఏ అంచు అని ఆలోచించింది ఆమె. టిఫనీ చూసి ఒప్పుకున్నాడు. అతని అభిరుచి, అతని గాజు, అతని పెట్టుబడి లేకపోతే ఈ దీపాలు లేవు, నిజమే. ఆ మాట ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు. ఆమె లేకపోతే కూడా లేవు అని ఒప్పుకోవడానికే వాళ్ళకు ఇబ్బంది. అయినా ఒప్పుకున్నవాడిని కర్త అని, ఊహించినామెను చేయి అని పిలిచే వ్యాకరణం ఎవరు రాశారు? భర్త సిద్ధాంతవ్యాసానికి నోట్సు రాసి, అనువాదాలు చేసి, ప్రూఫులు దిద్ది, ముందుమాట చివర 'నా అర్ధాంగి సహకారం మరువలేనిది' అన్న ఒక్క వాక్యంలో మిగిలిపోయిన స్త్రీలు మన విశ్వవిద్యాలయాల్లో ఎందరు?

మనవైపు నుంచి జరిగే పొరపాటు కూడా చెప్పుకోవాలి. టిఫనీ పేరు కొట్టేసి క్లారా పేరు రాస్తే న్యాయం జరిగినట్టేనా? అప్పుడు మనం చేసింది మహాపురుషుడి స్థానంలో మహాస్త్రీని కూర్చోబెట్టడమే. ఆలిస్ గూవీ, లిలియన్ పామీ కూడా ఆ విభాగంలో డిజైన్లు గీశారు. కిటికీలకు డిజైన్లు చేసిన ఆగ్నెస్ నార్త్రప్ ఉంది. పెళ్ళి ముహూర్తం కుదరగానే మానేసిన, మనకు పేరైనా దక్కని అమ్మాయిలున్నారు. క్లారా వాళ్ళకు పై అధికారి కూడా. పనిని ఒకే మనిషి ఆస్తిగా చూసే అలవాటునే వదులుకోవాలి. లేకపోతే మనం సవాలు చేస్తున్నది ఏమిటి?

ఇదంతా ఎలా బయటపడింది? సంస్థ రికార్డుల వల్ల కాదు. టిఫనీ స్టూడియోస్ 1932లో దివాలా తీసింది, ఆ కాగితాలు చాలావరకు మిగల్లేదు. క్లారా తన తల్లికీ చెల్లెళ్ళకీ రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఒకరు చదివి, తమ కబుర్లు కలిపి, ఇంకొకరికి పంపే ఉత్తరాలవి. అందులో సైకిలు తొక్కడం, బోర్డింగ్ ఇంటి భోజనం, కొత్త గౌను, పై అధికారి మీద చిరాకు, వాటి మధ్యే దీపం డిజైను. 2005 ప్రాంతంలో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ, క్వీన్స్ హిస్టారికల్ సొసైటీలోనూ ఉన్న ఈ ఉత్తరాలు పరిశోధకుల చేతికి వచ్చాయి. మార్టిన్ ఐడెల్‌బర్గ్, నీనా గ్రే, మార్గరెట్ హోఫర్ వాటి ఆధారంగా 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో ప్రదర్శన పెట్టారు. ఆ కుటుంబంలో ఎవరో ఆ ఉత్తరాలను పారెయ్యకపోవడం వల్ల మాత్రమే ఇవాళ మనం వాదించగలుగుతున్నాం. ఆడవాళ్ళ కబుర్లు అని కొట్టిపారేసే రాత, సంస్థ లెక్కల పుస్తకం కంటే నమ్మకమైన సాక్ష్యంగా నిలిచింది.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటనే చరిత్రకు ఆధారం చేసింది. ఆ పాఠం నేర్చుకున్న మనమే ఇల్లు మారేటప్పుడు అమ్మమ్మల ఉత్తరాలను, పద్దుల పుస్తకాలను, ముగ్గుల నోటుపుస్తకాలను పాత పేపర్లవాడికి తూకానికి వేస్తున్నాం. రచయిత్రులుగా, అధ్యాపకులుగా మన చేతిలో ఉన్న పనులు ఇవి: ఆ కాగితాలను దాచాలి, తేదీలు వెయ్యాలి, గ్రంథాలయాలకు ఇచ్చి తీసుకోమని పోట్లాడాలి. కళాచరిత్ర పాఠంలో 'టిఫనీ దీపం' అన్నచోట పిల్లలను ఆపి, ఎవరు గీశారు, ఎవరు కోశారు, ఎవరికి పెళ్ళై ఉద్యోగం పోయింది అని అడగాలి. చీటీ మీద ఒక్క పేరే రాసే మ్యూజియాన్ని, ఒక్క పేరే అచ్చువేసే పుస్తకాన్ని ప్రశ్నించకుండా వదలకూడదు. మన పుస్తకాల ముందుమాటల్లోని చివరి వాక్యం నుంచే మొదలుపెడదాం.