మూడున్నర వేల మాటలు, ఒక్క రిపోర్టు

థర్డ్ ఇయర్ మొదలవ్వగానే మన హాస్టల్లో అందరి చేతుల్లోకీ ఒక లిస్టు వచ్చేస్తుంది. జీఆర్‌ఈ రాసేవాళ్లకి బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటలు. ప్లేస్‌మెంట్ల కోసం చూసేవాళ్లకి సీనియర్ల నుంచి చేతులు మారి వచ్చిన పీడీఎఫ్. నేనూ రోజుకి ముప్ఫై చొప్పున బట్టీ పట్టాను. యుబిక్విటస్, ఎఫెమెరల్, ఆబ్సీక్వియస్... నిద్రలో లేపి అడిగినా అర్థం చెప్పేవాణ్ణి. నా ఇంగ్లీషు బాగా పెరిగిపోయిందనే అనుకున్నాను, సంక్రాంతి సెలవులకి ఊరెళ్లేదాకా.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు లేని వీధి ఉందంటే అదృష్టమే అనుకునే చోటు. నేను వెళ్లేసరికి మావయ్య స్కానింగ్ తీయించుకుని వచ్చాడు. కాగితం నా చేతిలో పెట్టి, "ఒరే, ఇంజినీరింగు సదువుతున్నావు గదా, ఇందులో ఏటి రాసినారో సెప్పు" అన్నాడు.

బైలేటరల్. రీనల్. పారెంకైమల్. క్రానిక్. నేను బట్టీ పట్టిన వాటిలో ఇవేవీ లేవు. తెలీదంటే పరువు పోతుంది. అందుకే తెలుసనుకున్న ఒక్క మాట పట్టుకుని, "క్రానిక్ అంటే బాగా ముదిరిపోయిందని మావయ్యా" అనేశాను.

ఆ రాత్రి మావయ్య అన్నం ముట్టలేదు. రెండ్రోజులు తోటకి పోలేదు. అత్త అప్పుడే డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్లాలి, ఎలా తీసుకెళ్లాలి అని లెక్కలు వేయడం మొదలుపెట్టింది. మూడో రోజు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన రిపోర్టు చూసి నిదానంగా చెప్పారు. క్రానిక్ అంటే ముదిరిపోవడం కాదు, చాలాకాలంగా ఉండి మెల్లగా సాగేది అని. మావయ్యది ఇంకా రెండో స్టేజే. ఉప్పు తగ్గించాలి, ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా కొని మింగకూడదు, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. అంతా విని మావయ్య ఒక్కటే అడిగాడు: "అంటే ఇంకా టయిముందా బాబూ?"

ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. క్రానిక్ అనేది గ్రీకు మాట "క్రోనోస్" నుంచి వచ్చిందట. క్రోనోస్ అంటే కాలం. ఇంగ్లీషు రాని మావయ్య ఆ మాట అసలు అర్థం దగ్గరికి నాకంటే ముందే వెళ్లిపోయాడు.

నా వాదన ఏంటంటే, మనం ఇంగ్లీషు మాటలు తక్కువ నేర్చుకోవట్లేదు, తప్పు చోటు నుంచి నేర్చుకుంటున్నాం. అవసరం, సందర్భం, మనిషి, ఈ మూడింట్లో ఏదీ లేకుండా నేర్చుకున్న మాట పరీక్ష హాలు గుమ్మం దాటి బయటికి రాదు.

మా ఊళ్లో బడి ముఖం చూడని ముసలమ్మలు కూడా "క్రియాటినిన్ ఎంతుంది?" అని అడుగుతారు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గ్రేడింగు చేసే ఆడవాళ్లకి డబ్ల్యూ-240కీ, డబ్ల్యూ-320కీ తేడా ఎవరూ క్లాసులో చెప్పలేదు. పౌండు బరువుకి ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది. ఆ సంగతి వాళ్ల వేళ్లకి తెలుసు. వీళ్లెవరూ ఫ్లాష్‌కార్డులు వాడలేదు.

అసలు ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. మన జిల్లాలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, టెక్కలికి దగ్గర్లోనే, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో టీచరుగా పనిచేశారు. అక్కడ సవరల భాష నేర్చుకోవాలనుకుంటే ఆయన చేతికి ఏ లిస్టూ దొరకలేదు. సవరలతో మాట్లాడి, మాట మాటా పోగుచేసి నేర్చుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. ఆయన నేర్చుకున్న తీరుని మాత్రం వదిలేశాం.

"కబుర్లు బాగానే ఉన్నాయి, కటాఫ్ ఎవడు దాటిస్తాడు?" అని నా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2011 ఆగస్టు నుంచే జీఆర్‌ఈలో వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు అడిగేది వాక్యంలో ఖాళీకి ఏ మాట సరిపోతుందని. అంటే పరీక్ష కూడా సందర్భమే అడుగుతోంది. మనమే ఇంకా పాత లిస్టు మోస్తున్నాం.

పోనీ, మావయ్య రిపోర్టునే పాఠం చేసుకుందాం. క్రానిక్‌లోని కాలమే క్రోనాలజీలో ఉంది, ట్రిపుల్‌ఈ వాళ్ల సింక్రనస్ మోటారులో ఉంది, జీఆర్‌ఈ లిస్టులోని అనాక్రనిజంలోనూ ఉంది. డయాలసిస్‌లో "లిసిస్" అంటే విడదీయడం. ఎలక్ట్రాలసిస్, హైడ్రాలసిస్, అనాలసిస్ దాని చుట్టాలే. బైలేటరల్ అంటే రెండు వైపులా. సివిల్ వాళ్ల లేటరల్ లోడు, పక్కనుంచి తోసే బరువు, అదే ఇంటిది. రీనల్ అంటే కిడ్నీకి సంబంధించినది. సినిమా ఫైట్ల గురించి మనం వాడే అడ్రినలిన్ వచ్చేది కిడ్నీల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి. ఒక్క కాగితంలో నాలుగు మాటలు పట్టుకుంటే పది మాటలు చేతికొచ్చాయి. ఇవి నేను మర్చిపోలేను, ఎందుకంటే ప్రతి మాట వెనకా మావయ్య ముఖం ఉంది.

లిస్టు చించెయ్యమనట్లేదు. ఎంత వచ్చిందో చూసుకోడానికి అది పనికొస్తుంది. నేర్చుకోడానికి మాత్రం ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఆ మాటని అమ్మకి తెలుగులో చెప్పగలనా? చెప్పలేకపోతే అది నాకు రానట్టే లెక్క.

ఇంకో సంగతి. మనం ఇంగ్లీషు నుంచి మాటలు తెచ్చుకోవడమే కాదు, మన మాట ఒకటి ఇంగ్లీషులోకి వెళ్లింది. ఉద్యానవనం అన్న అర్థంలో మన పెద్దలు పిలుచుకున్న ఉద్దానం పేరు ఇప్పుడు వైద్య పత్రికల్లో "ఉద్దానం నెఫ్రోపతి" అని కనిపిస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల మనుషుల గురించి రాసిన ఆ వ్యాసాలు ఆ మనుషులు చదవలేని భాషలో ఉన్నాయి. జబ్బు పేరు చివర "అన్‌నోన్ ఈటియాలజీ" అని తగిలిస్తారు. కారణం ఇంకా తేలలేదని దానర్థం. ఆ ఒక్క ముక్క ఊళ్లో ఎవరైనా తెలుగులో చెప్తే, నీళ్ల మీదో, తిండి మీదో, దేవుడి మీదో పుట్టే పుకార్లు కొన్నైనా ఆగుతాయి.

అందుకే మన క్లబ్బుకి ఒక ప్రతిపాదన. ఈ సెమిస్టర్లో కిడ్నీ రిపోర్టుల్లో వచ్చే ఓ వంద మాటలు తీసుకుందాం. ఒక్కోదానికి అసలు అర్థం, దాని చుట్టాల మాటలు, మన యాసలో ఒక వాక్యం రాద్దాం. డాక్టరు గారెవరితోనైనా ఒకసారి సరిచూపిద్దాం. వైద్యం చెప్పడం మన పని కాదు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పడమే మన పని. తెలియనిచోట "తెలీదు, డాక్టరు గార్ని అడుగుదాం" అనడం కూడా అందులో భాగమే. ఆ మాట నేను ఆ రోజు అనలేకపోయాను.

మొదటి మాట నేను రాసేశాను. క్రానిక్: చాలాకాలంగా ఉన్నది. వాక్యం: "మావయ్యా, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఇప్పటినించీ జాగ్రత్తగా సూసుకోవాల." మిగతా తొంభై తొమ్మిదికి మీ పేర్లు ఇవ్వండి.